ట్రాక్టర్‌లో సంచులు లేవు, చిరిగినవి మాత్రం ఎనిమిది

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగొచ్చానని చెబితే మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఒక్కరూ ఒకటే ప్రశ్న వేశారు: "అక్కడ చూడ్డానికేముంది?" అడిగినవాళ్లంతా విజయవాడ వెళ్తూ సూర్యాపేటలో టీ తాగి, బస్సు వెళ్లిపోతుందేమోనని సగం గ్లాసు పారబోసి పరిగెత్తినవాళ్లే. నేను మూడు రోజులున్నాను. కోటలు చూడలేదు, గుళ్లు చూడలేదు. మూడు పాత కంప్యూటర్లు చూసి వచ్చాను. అందులో ఒకటి నన్ను తిట్టింది కూడా.

నాది తెనాలి. పాతికేళ్లుగా హైదరాబాద్‌లో ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. అద్దాల మేడలేమీ ఊహించుకోకండి. కింద జిరాక్స్ షాపు, పైన మేము. ఇరవై ఏళ్ల కిందట మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకి నేనే స్వయంగా ఒక సాఫ్ట్‌వేర్ రాసిచ్చాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు, మౌస్‌తో పనిలేదు. సూర్యాపేటలోనూ కోదాడలోనూ ఆ మిల్లుకు వడ్లు తూచే కాంటాలున్నాయి. మూడు చోట్లా ఇప్పటికీ అదే నడుస్తోంది. మిల్లు పేరు మాత్రం చెప్పను. చెబితే వాళ్లు పండక్కి పంపే బియ్యం బస్తా ఆగిపోతుంది.

పోయిన నెల ఆ మిల్లు చిన్న సేటు ఫోన్ చేశాడు. పచ్చి వడ్లూ ఎండు వడ్లూ ఒకే గోదాములో పోశారట. తేమ ఎక్కువున్న వడ్లను ముందు ఆరబెట్టే యంత్రంలో వేయాలి. లేకపోతే కుప్పలోనే వేడెక్కి బియ్యం పచ్చబడతాయి. అలాగే పచ్చబడి, లారీ లోడు మొత్తం వెనక్కి వచ్చిందట.

"కంప్యూటర్‌ల చూస్తే అన్ని లోడ్లకు తేమ పదిహేడే ఉంది మేడం. మా ఆపరేటర్ భాగ్యమ్మ కళ్లు మూసుకొని కొడుతున్నది. మీరొచ్చి తప్పులన్నీ పట్టి రాసియ్యండి. శనివారం ఆమెను పంపించేస్త."

భాగ్యమ్మ అక్కడ పదహారేళ్ల నుంచి పనిచేస్తోంది. ఆమె ఉద్యోగం నా కాగితం మీద ఆధారపడి ఉందన్నమాట. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు కొంచెం హుషారుగానే అనిపించింది. తప్పులు పట్టడమంటే నాకు పెళ్లి భోజనం కన్నా ఇష్టం. కావాలంటే మా ఆయన్ని అడగండి. కొత్త ఎర్ర పెన్ను కొనుక్కుని గురువారం పొద్దున్నే బస్సెక్కాను.

సూర్యాపేట: ముప్పై పెళ్లిళ్ల మనిషి

బస్సు దిగుతూనే చెప్పు తెగింది. రోడ్డు పక్కన చెప్పులు కుట్టే పెద్దాయన ఇరవై రూపాయలన్నాడు. నేను పదిహేనన్నాను. ఆయన బేరానికి జవాబివ్వకుండా కుట్టడం మొదలుపెట్టి, ఏ పని మీద వచ్చావని అడిగాడు.

"కంప్యూటర్‌లో తప్పులు పట్టడానికి."

"ఎవలు జేసిన తప్పులు?"

"అదే చూడ్డానికొచ్చాను."

"గట్లనా," అన్నాడు. ఇరవై తీసుకున్నాడు.

అక్కడే చాయ్ తాగాను, పన్నెండు రూపాయలు. గ్లాసు మా ఇంట్లో దగ్గు మందు కొలిచే మూత కన్నా కాస్త పెద్దది. చాయ్ మాత్రం చిక్కగా ఉంది. పునుగుల ప్లేటు ముప్పై. మా తెనాలిలో పునుగులతో అల్లం చట్నీ ఇస్తారు. ఇక్కడి చట్నీలో పచ్చిమిరపకాయలకి తోడుగా రెండు పల్లీలు కనిపించాయి. నేను కళ్లు తుడుచుకుంటుంటే బండి ఆవిడ ఇంకో గరిటెడు వేసింది.

కాంటా దగ్గర ఆపరేటర్ పేరు సత్తయ్య, యాభై దాటిన మనిషి. దసరాకి కంప్యూటర్‌కు పెట్టిన పసుపు కుంకుమ బొట్లు కార్తీకం వచ్చినా అలాగే ఉన్నాయి. మా ఆఫీసులో దసరా మర్నాడే తుడిచేస్తాం. సత్తయ్య దుమ్ము దులిపేటప్పుడు కూడా బొట్ల చుట్టూ జాగ్రత్తగా గుడ్డ తిప్పుతున్నాడు.

లోడు తెచ్చిన డ్రైవర్ ఫోన్ నంబర్ నమోదు చేయాలని మా సాఫ్ట్‌వేర్‌లో నియమం. నేను లెక్క తీస్తే ఏడాదిగా వచ్చిన డ్రైవర్లందరిదీ ఒకే నంబర్. ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. నా ఎదురుగా సత్తయ్య జేబులో మోగింది.

"మరి ఏం జెయ్యాలె మేడం? పది అంకెలు కొట్టకుంటె అది ముందల్కి పోనీయది. డ్రైవర్ను అడిగితె నోట్లె గుట్కా ఏస్కొని చెయ్యి ఊపుతడు. ఎనక హారన్లు కొడ్తుంటరు. ఇగ నా నంబరే కొడ్తున్న."

"ఆ డ్రైవర్లతో పనిపడితే?"

"నాకే చేస్తరు గద. ఎవడు యాడున్నడో నాకు ఎరికే."

చెబుతుండగానే ఫోన్ మోగింది. "ఆ లారీయా? మునగాల కాడ తింటున్నడు. గంటల వస్తడు," అని పెట్టేశాడు. నేనున్న రెండు గంటల్లో ఇలాంటివి తొమ్మిది వచ్చాయి. వాటిలో ఒకటి పెళ్లి పిలుపు. ఇప్పటిదాకా డ్రైవర్ల ఇళ్లలో ముప్పై పెళ్లిళ్లకు పిలిచారనీ, కొన్నింటికి వెళ్లాననీ, ఒకచోట మటన్ చాలా బాగుందనీ చెప్పాడు.

నేను ఎర్ర పెన్ను తీసి నోటుబుక్కులో రాశాను: "తప్పు ఒకటి. ఫోన్ నంబర్. చేసినవారు: సత్తయ్య." నంబర్ లేకపోతే కదలనివ్వని నియమం పెట్టింది ఎవరన్నది అప్పుడు ఆలోచించలేదు.

మునగాల: రెండో రొట్టె

శుక్రవారం కోదాడ వెళ్తూ మునగాల దగ్గర హైవే పక్క ధాబాలో దిగాను. జొన్నరొట్టె, నాటుకోడి కూర రెండు వందల యాభై అంటే గుండె ఒకసారి ఆగింది. తిన్నాక మళ్లీ కొట్టుకుంది. మా వైపు కూర తక్కువేసి అన్నం ఎక్కువ పెడతారు. ఇక్కడ ధాబా నడిపే ఆవిడ ప్లేటు పక్కన నిలబడి, "గిన్ని తింటె ఎట్లక్కా, తిరిగే మనిషివి," అని కూర వేస్తూనే ఉంది. ఆ వేసినదానికి మళ్లీ డబ్బు తీసుకోలేదు.

ఎదురుగా పక్క రోడ్డు పొడవునా ఎవరో వడ్లు ఆరబోశారు. బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేర్చారు. హైవే మీద మాత్రం వడ్ల ట్రాక్టర్లు వరసగా పోతున్నాయి. ట్రాలీలో వడ్లు వదులుగా పోసి, పైన పరదా కట్టారు.

"సంచుల్లో నింపరా?" అనడిగాను.

"సంచులెందుకక్కా? మిషన్ కోసుడు, ట్రాక్టర్ల పోసుడు, మిల్లుల గుమ్మరిచ్చుడు. ఎండబెట్టనీకి గిప్పుడు ఎవలకున్నది తీరిక? తడితడివే పోతున్నయ్."

నేను కొంచెం బుర్ర వాడి ఉంటే నా ప్రయాణం అక్కడితో ముగిసేది. కానీ అప్పుడే రెండో రొట్టె వేడివేడిగా వచ్చింది. నేను దాని సంగతి చూశాను.

కోదాడ: జిల్లాకంతటికీ ఒకే ఊరు

కోదాడలో దిగగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజుల తర్వాత నా తెనాలి యాసకి ఎవరూ నవ్వలేదు. ఇక్కడివాళ్ల మాటలో తెలంగాణా ఉంటుంది, చివర్లో "అండి" కూడా ఉంటుంది. ఆంధ్రా పక్కనే కదా. హోటల్లో "టీ" అంటే టీ అన్నారు, "చాయ్" అంటే చాయ్ అన్నారు. రెండింటికీ పదిహేనే తీసుకున్నారు.

ఇక్కడి కాంటాలో ఆపరేటర్ నాగమణి. ముప్పై అయిదేళ్లుంటాయి, వేళ్లు కంప్యూటర్ మీద, కళ్లు కిటికీలోంచి ట్రాక్టర్ల వరస మీద. మా రికార్డుల ప్రకారం ఈ కాంటాకి వచ్చిన వడ్లన్నీ చిలుకూరు నుంచే వచ్చాయి. చిలుకూరు దగ్గరే ఉన్న ఊరు, పంటలు బాగానే పండుతాయి. కానీ ఇన్ని వడ్లు పండాలంటే ఇళ్లూ బడీ పోలీస్ స్టేషనూ అన్నీ తీసేసి నాట్లు వేయాలి.

"నాగమణిగారూ, ఇదేంటి?"

"ఎంటర్ కొడితే చిలుకూరే వస్తదండి. వేరే ఊరు కావాలంటే కిందికి నొక్కుకుంటా పోవాలి. వందకు పైన ఊర్లుంటయ్ గదండి. నేను నొక్కేలోగా రైతులు దిగొచ్చి కిటికీ కొడతరు. అయినా మేడం, లిస్టుల చిలుకూరును అందరికన్నా ముందు ఎవరు పెట్టారో వాళ్లను అడగాలండి."

 నాకు గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ల కిందట ఇదే గదిలో కూర్చుని ఊళ్ల పేర్లు కొడుతున్నప్పుడు నాకు టీ తెచ్చిన పెద్దమనిషిది చిలుకూరు. "మా ఊరు ముందు పెట్టమ్మా," అన్నాడు. టీ బాగుంది, పెట్టేశాను.

నాగమణికి ఆ మాట చెప్పలేదు. "సరే, చూద్దాం," అని గంభీరంగా తలాడించి రాసుకున్నాను: "తప్పు రెండు. ఊరి పేరు. చేసినవారు: నాగమణి." రాస్తున్నప్పుడు పెన్ను కాస్త ఇబ్బందిగా కదిలిందని ఒప్పుకుంటాను.

మిర్యాలగూడ: శనివారం

హుజూర్‌నగర్ మీదుగా బస్సులో మిర్యాలగూడ వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఈ ఊళ్లో మిల్లులు లెక్కపెట్టడం కన్నా మిల్లు లేని వీధులు లెక్కపెట్టడం తేలిక. గాలిలో వడ్ల దూగర, సన్నటి పొట్టు దుమ్ము. మెడ మీద పడితే ఒకటే దురద. గోకకూడదని చెప్పారు, గోకాను, ఇంకా పెరిగింది. ఆ ఎర్రబడిన మెడతోనే గొప్ప అధికారిలా మిల్లు ఆఫీసులోకి అడుగుపెట్టాను.

గోడవారగా కుర్చీలో పెద్ద సేటు కూర్చున్నాడు. మిల్లు ఇప్పుడు కొడుక్కి అప్పగించాడు కానీ పొద్దున్నే వచ్చి కూర్చోవడం మానలేదు. నన్ను చూసి గుర్తుపట్టాడు. "నువ్వు గా కంప్యూటర్ పిల్లవు గదా? ముసలిదానివైనవేంది?" అన్నాడు. చిన్న సేటు బల్ల మీద ఒక కాగితం సిద్ధంగా పెట్టుకున్నాడు. భాగ్యమ్మను పంపించే కాగితం. సంతకం ఒక్కటే బాకీ.

భాగ్యమ్మ ఆ కాగితాన్ని చూసే ఉంటుంది. అయినా తన కుర్చీలో పనిచేసుకుంటూనే ఉంది. నలభై దాటిన మనిషి, మెడలో కళ్లజోడు తాడు. నేను పక్కన కుర్చీ వేసుకుంటే లేచి నిలబడబోయింది. వద్దన్నాను.

మొదట కీబోర్డు చూశాను. అన్ని అంకెలూ కనిపిస్తున్నాయి, ఒకటీ రెండూ ఏడూ తప్ప. ఆ మూడూ అరిగిపోయి నున్నగా ఉన్నాయి. రెండు ఎందుకు అరిగిందో ఆలోచించకుండా, నాకు కావలసిన సాక్ష్యం దొరికిందని లోలోపల ఎగిరి గంతేశాను. రికార్డులో ఇంకో విచిత్రం కూడా పట్టుకుని వచ్చాను. ప్రతి లోడుకీ "చిరిగిన సంచులు" అనే గడిలో అయిదు, ఏడు, తొమ్మిది అని ఏదో ఒక అంకె ఉంది. ఇన్ని సంచులు చిరుగుతుంటే ఈ మిల్లులో ఎలుకలకి జీతాలిస్తున్నారా అనుకున్నాను.

అప్పుడే నిడమనూరు నుంచి ఒక ట్రాక్టర్ వచ్చింది. రైతు దిగి, "జర జల్ది సూడున్రి, ఇంకో ట్రిప్పు ఉన్నది," అన్నాడు. భాగ్యమ్మ గుప్పెడు వడ్లు తేమ చూసే మీటర్‌లో వేసింది. మీటర్ ఇరవై అయిదు చూపించింది. నేనూ చూశాను. ఆమె కంప్యూటర్‌లో ఇరవై అయిదు కొట్టి, కళ్లు గట్టిగా మూసుకుని ఎంటర్ నొక్కింది.

కంప్యూటర్ చెవులు చిల్లులు పడేట్టు కూసింది. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు వచ్చాయి: "తప్పు. సరిగ్గా చూసి కొట్టు."

భాగ్యమ్మ కళ్లు తెరిచి, ఇరవై అయిదు చెరిపి, పదిహేడు కొట్టింది. కిందికి వెళ్లి చిరిగిన సంచుల గడిలో ఎనిమిది కొట్టింది. నేను ఒక్క ఉదుటున లేచాను.

"ఆగండి! ట్రాక్టర్‌లో ఒక్క సంచి కూడా లేదు. ఎనిమిది ఎలా చిరిగాయి?"

"చిరగలేదు మేడం," అంది మెల్లగా. "పదిహేడు మీద ఎనిమిది. ఇరవై అయిదు."

నేను మళ్లీ కూర్చున్నాను.

"పదిహేడు దాటితె ఇది తీస్కోదు. తిడ్తది. మిషన్ల కోత వచ్చినప్పటి సంది అన్నీ ఇరవై మీదనే వస్తున్నయ్. మీ ఆఫీసుకు ఫోన్ జేస్తె కంప్యూటర్ బంద్ జేసి మళ్ల చాలు జెయ్యమన్నరు. జేసిన. మళ్ల తిట్టింది. అప్పుడు మా పాత గుమస్తాసారు అన్నడు, ఇప్పుడు సంచులు ఎట్లాగు వస్తలేవు, గా గడి ఖాళీగనే ఉన్నది, మీదిది గాడ కొట్టమని. ఆయన రెండు గడులు కలిపి సదివి, ఏది డ్రయ్యర్‌కు పోవాలె, ఏది గోదాముకు పోవాలె అని చెప్తుండె. ఈ కోతల ముందల ఆయన మోకాళ్లు నొస్తున్నయని మానిండు. చిన్నసారు ఫోన్‌ల రిపోర్టు పెట్టించుకున్నడు. దాంట్ల తేమ గడి ఒక్కటే వస్తది."

చిన్న సేటు బల్ల దగ్గర నుంచి, "నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"చెప్పిన సార్. కథలు చెప్పకు, ఎంట్రీ సరిగ్గ చెయ్యి అన్నరు." కళ్లజోడు తీసి కొంగుతో అద్దాలు తుడిచింది. "ఉన్నది ఉన్నట్టు కొట్టనీకి సూస్తనే ఉన్న సార్ రోజు. ముందుగాల ఇరవై అయిదే కొడ్త. ఎప్పుడన్న తీస్కుంటదేమో అని. రోజుకు నలబై సార్లు తప్పు తప్పు అంటది. నౌకరి పోతె పోనీయున్రి, పదహారేండ్లు పనిజేసి తప్పుజేసినదాన్ననే పేరుతోని ఎట్ల పోవాలె?"

 నిడమనూరు రైతు కిటికీలోంచి, "అయిందా?" అన్నాడు.

కాలేదు. ఎందుకంటే తెర మీది ఆ మాట నాది. ఇరవై ఏళ్ల కిందట, పాతికేళ్ల వయసు పొగరుతో, తప్పుడు అంకె కొట్టే ఆపరేటర్లని అడ్డుకోవడానికి నేనే రాశాను. ఆ కూత కూడా నేనే ఎంచుకున్నాను. చాలా కూతలు విని, అన్నిటికన్నా చిరాకు పుట్టించేదాన్ని పెట్టాను. "కొట్టండి" అని రాయడానికి చోటు చాలక "కొట్టు" అని సరిపెట్టాను. ఇప్పుడు నాకు అసలైన సిగ్గు వేసింది.

"పదిహేడని చెప్పింది నేనే," అన్నాడు పెద్ద సేటు. "అప్పట్ల కొడవండ్లతోని కోసి, కల్లంల ఎండబెట్టి, సంచులల్ల తెస్తుండె. పదిహేడు దాటితె కొనేదే లేదు. ఈ పిల్ల అట్లనే రాసింది. మంచిగనే రాసింది."

"అప్పటికి మంచిగానే ఉంది," అన్నాను. "తర్వాత ఇరవై ఏళ్లు ఒక్కసారి కూడా వచ్చి చూడలేదు. తప్పు నాది."

చిన్న సేటు నన్నూ భాగ్యమ్మనూ మార్చి మార్చి చూశాడు. "మరి రిపోర్టు?" అన్నాడు.

నోటుబుక్కు తీశాను. సత్తయ్య పేరు కొట్టేశాను. నాగమణి పేరు కొట్టేశాను. మూడో తప్పు కింద పెద్ద పెద్ద అక్షరాలతో "తేమ శాతం" అని రాసి, మూడింటికీ ఎదురుగా "చేసినవారు" అన్నచోట నా పేరు రాసి, సంతకం చేసి ఇచ్చాను. సూర్యాపేట పెద్దాయన చెప్పు కుడుతూ అడిగిన ప్రశ్నకి జవాబు అదే. ఆయన ఇరవై రూపాయలు తీసుకుని ముందే తేల్చేశాడని ఇప్పుడనిపిస్తోంది.

చిన్న సేటు రెండుసార్లు చదివాడు. తర్వాత భాగ్యమ్మ వైపు చూడకుండా, "పచ్చబడ్డ లోడు నా లెక్కలనే రాస్కుంట," అని గొణిగాడు. అంతకన్నా క్షమాపణ చెప్పడం అతనికి చేతకాదని అర్థమైంది. బల్ల మీద కాగితాన్ని ఏం చేయాలో తోచక అలాగే వదిలేశాడు. చాయ్ వచ్చినప్పుడు పెద్ద సేటు గ్లాసు దాని మీద పెట్టుకున్నాడు.

సాఫ్ట్‌వేర్ సరిచేయడానికి పది నిమిషాలు చాలు. మధ్యలో కరెంటు పోవడంతో గంట పట్టింది. ఆ గంటలో భాగ్యమ్మ తన డబ్బా తెరిచి సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలూ నువ్వులూ కలిపి గిన్నెకి అద్ది కాల్చిన రొట్టె. కరకరలాడుతోంది. ఆమెను తప్పుపట్టడానికి వచ్చినదాన్ని నేను, సగం నేనే తినేశాను. నిడమనూరు రైతుకీ ఒక ముక్క వచ్చింది, అందుకని ట్రిప్పు సంగతి కాసేపు మర్చిపోయాడు.

కరెంటు వచ్చింది. పదిహేడు హద్దు తీసేశాను. హద్దు దాటిన లోడు చిన్న సేటు ఫోన్‌లో ఎర్రగా కనిపించేలా చేశాను. కూత తీసేశాను. ఏ వడ్లకీ ఉండనంత తేమ కొడితే ఏ మాట రావాలని భాగ్యమ్మనే అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "జర మళ్ల సూడున్రి, అంటె సాలు మేడం," అంది. అదే పెట్టాను. ఈసారి చోటు ఎలా సరిపోయిందో అడక్కండి, సరిపోయింది.

"ఇప్పుడు కొట్టండి," అన్నాను.

భాగ్యమ్మ ఇందాకటి లోడు మళ్లీ తెరిచింది. సంచుల గడిలో ఎనిమిది చెరిపేసింది. తేమ గడిలో ఇరవై అయిదు కొట్టింది. ఎంటర్ మీద వేలు పెట్టి, భుజాలు బిగించి, అలవాటుగా కళ్లు గట్టిగా మూసుకుని నొక్కింది. అలాగే కొంతసేపు ఉండిపోయింది. తర్వాత ముందు ఒక కన్ను తెరిచింది, ఆపైన రెండోది.

"ఏమనలేదు మేడం!" అంది.